మట్టినేల మీద ఒక్క బండ

మా ఇంటి అప్పుకు నెలనెలా కట్టాల్సిన వాయిదా కన్నా కొంత ఎక్కువే కడతాను. జీతాలు వచ్చిన వారంలో, గురువారం నాడు, పిల్లలు పడుకున్నాక ఫోన్ తీసి ఆ ఎక్కువ మొత్తాన్ని అసలులో జమ చేస్తాను. గురువారమే ఎందుకంటే మర్నాడు శుక్రవారం. శుక్రవారం ఇంట్లోంచి డబ్బు బయటికి పోకూడదని మా అమ్మ నేర్పింది. ఫోన్‌లో పోయే డబ్బు ఏ గడప దాటుతుందో నాకు తెలియదు. అయినా గురువారం దాటనివ్వను. జమ అయినట్టు మెసేజ్ వచ్చాక అసలు ఎంత తగ్గిందో చూసుకుంటాను. ఆ రాత్రి మాత్రం నిద్ర బాగా పడుతుంది. మిగిలిన రాత్రుల్లో అంతగా పట్టదు. అలా పట్టని రాత్రుల్లోనే ఇది రాస్తున్నాను.

మేముండేది వికారాబాద్‌లో, అనంతగిరి వైపు పోయే దారిలో. రెండు పడకగదుల ఇల్లు. మావారు మహిపాల్ తాండూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. పొద్దున రైలుకు పోయి చీకటి పడ్డాక వస్తారు. నేను ఇక్కడే రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. మా అమ్మాయి హాసిని నాలుగో తరగతి. చిన్నవాడు బిట్టు మా ల్యాబ్ పక్కనే ఉన్న ప్లేస్కూల్లో ఉంటాడు. కాలేజీలు మూతపడ్డ ఆ రోజుల్లో మహిపాల్‌కు చాలా నెలలు జీతం రాలేదు. వాయిదాలు కావాలంటే తరువాత కట్టుకోవచ్చని బ్యాంకువాళ్లు అంటే, దేవుడు పంపినట్టే అనుకుని ఆపేశాం. అన్నీ తెరుచుకున్నాక చూసుకుంటే అప్పు మేము తీసుకున్న నాటికన్నా పెద్దదై కూర్చుంది. మేము కొత్తగా ఏదీ కొనలేదు, ఎక్కడికీ పోలేదు, ఇంట్లో కూర్చుని ఉన్నదేదో తిన్నాం. అయినా అది పెరిగింది. ఆ రోజు నుంచి నాకు ఈ భయం పట్టుకుంది. ఒక్కొక్కటే తగ్గిస్తూ వచ్చాను. ఆదివారం టిఫిన్లు, పేపరు, పుట్టినరోజు కేకులు, చివరికి హాసిని స్కూలు వ్యాను. వ్యానుకు పోయే డబ్బు నేరుగా అసలులోకి పోతే ఎన్ని నెలల ముందు బయటపడతామో మహిపాల్ లెక్కేసి చూపిస్తే నా కళ్లు మెరిశాయి. పొద్దున నేనే స్కూటీ మీద దింపుతాను. స్కూలు నాలుగింటికి వదులుతారు, నేను ల్యాబ్ నుంచి బయటపడేది అయిదు దాటాక. గేటు దగ్గర కాపలా మనిషి ఉంటాడు, పదిమంది తిరిగే చోటే కదా అని మహిపాల్‌తో అన్నాను. నాతో నేను అంతకన్నా ఎక్కువసార్లు అనుకున్నాను.

ఈ నెల మొదట్లో అమ్మ తాండూరు నుంచి వచ్చింది. పేరు అనంతమ్మ. పప్పు, జొన్నపిండి, ఎండుమిరపకాయలు మోసుకుని రైలు దిగింది. కొన్నాళ్లు ఉండి పోతానంది. రెండో రోజు హాసినిని తనే తీసుకొస్తానని, నన్ను ఉరుకులాడొద్దని చెప్పింది. రోజూ నేను పిల్లతో ఇంటికి చేరే వేళను బట్టి స్కూలు వదిలేది కూడా అప్పుడేనని అనుకుని, ఆ వేళకే పోయింది. నేను బిట్టును తీసుకుని వచ్చేసరికి ఇంట్లో పప్పు ఉడుకుతున్న వాసన. అమ్మ బియ్యం కడుగుతోంది. నా వైపు తిరగకుండానే చెప్పింది.

“బడి బయట రెండు రాళ్లు పెట్టి మీద బండ ఏసిన్రు గదా. దాని మీద కూసున్నది పిల్ల. సంచి ఒళ్లె పెట్టుకోని, ఒక్కతే.”

వ్యాను ఖర్చు సంగతి, వడ్డీ సంగతి, మిగిలే నెలల సంగతి అన్నీ నా నోటి దాకా వచ్చాయి. అమ్మ నీళ్లు వంచేసి మళ్లీ అంది: “అంతసేపు కూసుంటే యాష్టకు రాదా, ఇసుగనిపియ్యదా అని అడిగిన. ఏమన్నదో ఎర్కేనా? ఫస్ట్ ఏడిగుంటది అమ్మమ్మా, మమ్మీ వచ్చేసరికి సల్లగైతది అన్నది.”

బండ అన్న మాట మా ఇంట్లో ఊరికే అనే మాట కాదు.

తాండూరులో బండలకు కొదవ లేదు. గోడలు బండలవే, అరుగులు బండలవే, పశువుల తొట్లు, మోరీల మూతలు, చాయ్ దుకాణం ముందు బల్లలు, పొలాల గట్ల మీద నిలబెట్టిన కంచెలు కూడా బండలవే. నా చిన్నప్పుడు మా నాయిన శరణప్ప పాలిషింగ్ మిల్లులో పనిచేసేవాడు. గని నుంచి గరుకుగా వచ్చిన బండను మిషన్ కింద పెట్టి, నీళ్లు పోస్తూ, అద్దంలా తేలేదాకా తిప్పడం ఆయన పని. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మోచేతుల దాకా తెల్లటి రాతిపిండి ఎండి పెచ్చులు కట్టి ఉండేది. ఆయన దగ్గర తడిరాయి వాసన వచ్చేది, మొదటి వానకు మిద్దె మీద వచ్చేలాంటి వాసన. అమ్మ పప్పు మిల్లులో చెరిగే పనికి పోయేది. ఆమె కొంగులో కందిపొట్టు వాసన. నేను చీకట్లో కూడా పక్కన పడుకున్నది ఎవరో వాసనతో చెప్పగలిగేదాన్ని.

అంత బండల ఊళ్లో, బండలు నున్నగా చేసే మనిషి ఇంట్లో, మాది మట్టినేల. కందిపప్పుకు అంత పేరున్న ఊళ్లో మేము తిన్నది మిల్లులో అగ్గువకు ఇచ్చే పప్పు నూక. ఇల్లు సొసైటీ అప్పుతో కట్టినది. గోడలు, రేకులు, తలుపు వరకు వచ్చేసరికి అప్పు తెచ్చిన డబ్బు అయిపోయింది, నేల మిగిలిపోయింది. బండలు పరచాలంటే ఇంకొంత అప్పు చేయాలి. అమ్మ చేయనివ్వలేదు. ఉన్న అప్పు తీరేదాకా ఇంట్లో బండ అడుగు పెట్టొద్దని తేల్చేసింది. ఆమె పుట్టిల్లు యాలాల్ దగ్గర. వాళ్ల నాయిన చెలక భూమి మిత్తి కింద, అంటే వడ్డీ కింద పోయింది. అసలు కోసం కాదు, మిత్తి కోసం పోయింది. మనం పండుకున్నా మిత్తి పండుకోదు అని అమ్మ అన్నం కలుపుతూ అనేది, పొయ్యి ఊదుతూ అనేది, నా జడ అల్లుతూ అనేది. దెయ్యం కథలకన్నా నన్ను ఎక్కువ భయపెట్టిన మాట అది.

శనివారం ఇద్దరికీ కూలి డబ్బు వచ్చేది. అమ్మ చాప మీద కూర్చుని పంచేది. బియ్యానికి ఇంత, దీపం గ్యాసునూనెకు ఇంత, నా ఫీజుకు ఇంత అని పాత చీర ముక్కల్లో వేర్వేరుగా మూటలు కట్టేది. వాయిదా మూట అన్నిటికన్నా ముందు కట్టేది. చివరికి ఏ కొంచెం మిగిలినా అదీ ఆ మూటలోకే పోయేది. నెలకోసారి, సోమవారం నాడు, ఆ మూట సొసైటీలో ఇచ్చి వచ్చేది. అక్కడి గుమాస్తా, వాయిదా ఇంతే కదా అనంతమ్మా, సొసైటీ ఏమన్నా పారిపోతుందా అని నవ్వేవాడట. సొసైటీ పారిపోదు సారూ, మేమే యాడికీ పారిపోలేం అని అమ్మ చెప్పేదట. ఆ మాట ఇంటికొచ్చి నాయినకు చెప్పుకుని మళ్లీ నవ్వేది. అప్పును గురించి నవ్వగలిగిన మనిషిని నేను ఆమెను తప్ప చూడలేదు.

మట్టినేలకు చాకిరీ ఉంటుంది. శుక్రవారం పొద్దున్నే అమ్మ ఎర్రమట్టి, పెండ కలిపి ఇల్లంతా అలికేది. ఆరేదాకా మేము గోడల వెంట పిల్లుల్లా నడిచేవాళ్లం. ఆ పచ్చి వాసన నాకిప్పటికీ ఇష్టం. కానీ ఎండాకాలం రేకుల కింద ఆ నేల పొయ్యిమీది పెనంలా ఉండేది. ఆ వేడిని అందరికన్నా ఎక్కువ అనుభవించింది మా నాయనమ్మ. ఆమెది కర్ణాటక వైపు పల్లె. సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడేది, తిట్టేటప్పుడు రెండూ పూర్తిగా వాడేది. కొడుకు ఊరందరి ఇళ్లల్లో బండలు మెరిపిస్తాడు, తల్లికి మాత్రం పుట్టమన్ను అని వాకిట్లో కూర్చుని దారిన పోయేవాళ్లకు వినిపించేది. కోడలి బడ్జెట్ మీద రోజూ కొట్లాట పెట్టుకునేది.

“అప్పు మీద పండుకుంటవా అత్తమ్మా, మన్ను మీద పండుకుంటవా?” అని అమ్మ అడిగేది.

“అప్పు సల్లగుంటదా?” అని నాయనమ్మ.

నాయిన మాత్రం వాళ్లిద్దరి మధ్య బీడీ వెతుక్కుంటూ బయటికి పోయేవాడు.

ఒక ఎండాకాలం నాయనమ్మ మధ్యాహ్నాలు కనిపించడం మానేసింది. గుడికి పోతున్నా అనేది. గుడి ఆ వేళకు మూసి ఉంటుందని ఎవరికీ తట్టలేదు. ఒక రోజు మిల్లులో కరెంటు పోయి అమ్మ మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. నన్ను వెంటపెట్టుకుని వెతుక్కుంటూ బయల్దేరింది. ఎక్కువ దూరం పోనక్కర లేకపోయింది. వీధి చివరి ఇంటివాళ్ల అరుగు మీద, నీడ పడ్డ బండ మీద, నాయనమ్మ చెంప ఆనించి పడుకుని ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆమె తల పక్కనే ఆ ఇంటివాళ్లు విడిచిన చెప్పులు. ఇంటావిడ తలుపులోంచి తొంగిచూసి, పండుకోనియ్యి అనంతమ్మా, బండ ఏమన్న అరిగిపోతదా అంది. మంచిమాటే. మనసులో ఏదీ పెట్టుకోకుండానే అన్నది. కానీ అమ్మ ముఖం నాకు గుర్తుంది. నాయనమ్మను లేపలేదు. చెప్పులు జరిపి ఆ అరుగు అంచున కూర్చుంది. నాయనమ్మ తనంతట తాను లేచేదాకా కూర్చునే ఉంది. తరువాత చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. కొట్లాట లేని ఆ నడక చూస్తే నాకు కొట్లాట కన్నా ఎక్కువ భయమేసింది.

సాయంత్రం నాయిన రాగానే అమ్మ, ఒక బండ తీసుకురమ్మంది.

“ఒక్కటా? ఒక్క బండతోని ఏం జేస్తవ్?”

“మనిషి పండుకునేటంత తే. పెచ్చులు పోయింది తేకు. మంచిది తే, పైసలిచ్చి తే.”

మిల్లులో మూలలు విరిగినవి అగ్గువకు వస్తాయని నాయిన చెప్పబోయాడు. అమ్మ వినలేదు. ఆ సోమవారం సొసైటీలో వాయిదా మాత్రమే కట్టింది. ఈ నెల గింతేనా అని గుమాస్తా అడిగితే గింతే అని చెప్పి వచ్చిందట. ఇంటికొచ్చి ఆ రోజు నవ్వలేదు.

బండ ఆదివారం నాడు ఎడ్లబండి మీద వచ్చింది. నీలంగా, వానకు ముందు ఆకాశంలా ఉంది. మిల్లులో నాయిన తానే దానికి పాలిష్ పట్టాడు. గాలి వచ్చే తలుపు దగ్గర కొంచెం మట్టి తవ్వి, ఇసుక పోసి పరిచాడు. మా ఇల్లు దిక్కులకు సరిగ్గా ఉండదు, కొంచెం పక్కకు తిరిగి ఉంటుంది. నాయనమ్మ తూర్పుకు తలపెట్టి పడుకోవాలి కాబట్టి నాయిన సూర్యుణ్ని చూసి బండను తూర్పుకు తిప్పి పెట్టాడు. అందుకని అది గోడకు వంకరగా వచ్చింది. మట్టినేల మీద ఒక్క బండ వంకరగా ఉంటే మాత్రం ఎవరికేం ఇబ్బంది? రేపు ఇల్లంతా బండలు పరుస్తామని, అప్పుడు ఇది అడ్డం వస్తుందని బండల పని చేసే మనిషికే తోచలేదు. ఆ పూట తోచింది తల్లి తల ఎటుండాలన్నది ఒక్కటే.

నాయనమ్మ మెల్లగా దాని మీద కూర్చుని, అరచేతితో నిమిరి, ఒరిగింది. “తణ్ణగ ఐతి,” అంది, కన్నడంలో, చల్లగుంది అని. ఆ రోజు ఆమె ఎవరినీ తిట్టలేదు. తరువాత మేమందరం ఆ బండ కోసం పోటీ పడ్డాం. నేను దాని మీదే లెక్కలు చేసుకున్నాను, అమ్మ దాని అంచున కూర్చునే ఉల్లిపాయలు కోసింది. ఒక మధ్యాహ్నం నాయిన తిండికి వచ్చి, నాయనమ్మ లేని సందు చూసి, చొక్కా విప్పి దాని మీద వీపు ఆనించాడు. రోజూ ఎన్నో బండలను చేత్తో తడిమే మనిషి. బండ మీద పడుకోవడం అదే మొదలట.

అప్పు గడువు కన్నా చాలా ముందే తీరింది. అమ్మ అన్నంత పనీ చేసింది. ఆ నెలలోనే ఇంటికి బండలు వచ్చాయి. వాటిని పరచడానికి వచ్చిన మేస్త్రీ, ఈ వంకర బండను లేపి సరిగ్గా పెట్టాలి, లేకపోతే చుట్టూ ముక్కలు కోసి అతకాలి, అందం పోతుంది, బండలు పాడైతాయి అన్నాడు. నాయిన సరేనన్నాడు. నాయనమ్మ పోయి దాని మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను లేస్తే గదా నువ్వు తీసేది అంది. మేస్త్రీ అమ్మ వైపు చూశాడు. అన్నేళ్లు ఒక్క రూపాయి వృథా పోనివ్వని మా అమ్మ, ఉండనియ్యి, దాని సుట్టు ఏసుకరా అంది. నాయినే మిల్లు నుంచి ముక్కలు కోయించి తెచ్చాడు. త్రికోణాలు, సన్న పట్టీలు, ఒకటి ఇంత, ఒకటి అంత. ఇప్పటికీ ఆ ఇంట్లో తలుపు దగ్గర నేల అతుకుల బొంతలా ఉంటుంది. ఆ బండ మిగిలిన వాటికన్నా వేలెడు పైకి ఉంటుంది. పోయినప్పుడల్లా నా కాలి బొటనవేలికి తగులుతుంది. తగిలిందా అని నాయిన వాకిట్లోంచే అడుగుతాడు. నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆమె పేరుతో మా ఇంట్లో మిగిలింది ఆ దెబ్బే.

ఇవన్నీ గుర్తుకొచ్చి వంటింటి గడపలో నిలబడిపోయాను. అమ్మలాగే నేనూ అప్పుకు ఎక్కువ కడుతున్నానని, ఆమె నేర్పిన పనే చేస్తున్నానని నాకు లోపల కొంచెం గర్వం ఉండేది. కానీ అమ్మ మూటలు చాప మీద అందరి ముందూ కట్టింది. నూక ఎందుకు తింటున్నామో నాకు తెలుసు. మట్టి మీద ఎందుకు పడుకుంటున్నామో నాయనమ్మకు తెలుసు, తెలిసే కొట్లాడింది. నా లెక్కలు ఫోన్‌లో ఉన్నాయి. వ్యాను ఎందుకు మానిపించానో హాసినికి చెప్పనే లేదు. ఆ పిల్ల అడగనూ లేదు. జీతం రాని నెలలు మనసులో పెట్టుకుని మహిపాల్ నేను ఏం తగ్గించినా సరే అంటారు. మా ఇంట్లో నాతో కొట్లాడే నాయనమ్మ లేదు. అప్పు సల్లగుంటదా అని అడిగే మనిషి ఒక్కరు ఉంటే నేను చాలాముందే ఆగి చూసేదాన్నేమో.

ఆ రాత్రి పిల్లలకు తినిపించాక అమ్మను అడిగాను, ఆ బండ కొన్న నెల ఎక్కువ కట్టలేకపోయినందుకు బాధ కాలేదా అని.

“ఎందుకు గాలే? మస్తయింది. మూడొద్దులు అన్నం సయించలే.” పప్పు గిన్నె మీద మూత పెట్టింది. “ఒక నెల ఎనుకకు వోయింది అప్పు. గా నెల యాడ వోయిందో మళ్ల నేను దేవులాడలే బిడ్డా. బండైతే గీడనే ఉన్నది గదా.”

గిన్నె పక్కకు జరిపి మళ్లీ అంది. “కట్టద్దంటలేను. కట్టు. మిత్తి మంచిది గాదు. కని ముందుగాల గా పిల్లను ఇంటికి తెచ్చుకో.”

ఆ గురువారం ఫోన్ తీయలేదు. దానికి ముందే, బుధవారం సాయంత్రం, వ్యాను డ్రైవర్‌తో మాట్లాడి డబ్బు ఇచ్చేశాను. అమ్మ ఊరికి పోయాక పిల్లను నా దగ్గరికే, ల్యాబ్‌కే దింపమని చెప్పాను. మహిపాల్‌కు చెబితే ఆయన కాసేపు చెయ్యి నుదుటి మీద పెట్టుకుని కూర్చున్నారు. లెక్క వేస్తున్నారేమో అనుకున్నాను. మంచిపని చేశావు అన్నారు. వ్యానుకు పోగా మిగిలింది చిన్న మొత్తమే. అది వచ్చే నెల నుంచి జమ చేస్తాను. ఎన్ని నెలలు ఆలస్యమవుతుందో ఫోన్‌లో చూపిస్తుంది, నేను చూడలేదు. అలాగని నాకు నిశ్చింత వచ్చిందని కాదు. ఆ రాత్రీ నిద్ర పట్టలేదు. కాలేజీ మళ్లీ మూతపడితే, ల్యాబ్ మూసేస్తే అని ఎప్పటి ఆలోచనలే. కానీ మర్నాడు సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి హాసిని స్నానం చేసి, తడిజుట్టుతో, అమ్మమ్మ చేసిన జొన్నరొట్టెను నూనె, కారం అద్దుకుని తింటోంది. బడి సంగతులు చెబుతోంది. నిన్నమొన్నటిదాకా ఆ వేళకు నేను దాన్ని స్కూటీ వెనక ఎక్కించుకుని రోడ్డు చూస్తూ నడుపుతుండేదాన్ని. దాని ముఖం నాకు కనిపించేది కాదు.

ఆదివారం అమ్మను దింపడానికి అందరం తాండూరు పోయాం. గుమ్మం దాటగానే నా బొటనవేలికి తగిలింది. నాయిన వాకిట్లోంచి అడిగాడు. బిట్టు తాత భుజమెక్కాడు. మధ్యాహ్నం తిన్నాక హాసిని తలుపు దగ్గర చల్లగా ఉందని ఆ బండ మీదే బోర్లా పడుకుంది. చుట్టూ ఉన్న త్రికోణాల మీద వేలితో గీతలు గీస్తూ, ఇల్లంతా బండలు వరసగా ఉన్నాయి కదా, ఇదొక్కటే ఎందుకు వంకరగా ఉందని అడిగింది.

మా అమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ తల ఎత్తకుండానే చెప్పింది.

“అది వంకర గాదు బిడ్డా. అది ముందుగాల వచ్చింది.”